సరుకు కింద, పడక పైన: పికప్ బండిలో అరలూ మంచమూ కట్టుకోవడం ఎలా

జాతరల్లో, వారపు సంతల్లో గాజులు, పూసలు, పిల్లల బొమ్మలు అమ్ముకుని బతికే కుటుంబం మాది. మేడారం జాతర నాలుగు రోజులైనా దుకాణం పెట్టేవాళ్లు అంతకు చాలా ముందే వెళ్లి చోటు పట్టుకోవాలి. పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతరకు వెళితే ఆదిలాబాద్ చలిలో రాత్రులు గడపాలి. సరుకును వదిలి దూరంగా గది తీసుకోలేము, తీసుకుందామన్నా ఆ రోజుల్లో దొరకదు. అందుకే మాలాంటి వాళ్లలో చాలామంది బండిలోనే, మూటల మధ్య ముడుచుకుని పడుకుంటారు. తెల్లవారి నడుము పట్టేసి, కళ్లు మండుతూ అదే బండిని నూరు కిలోమీటర్లు నడుపుతారు. ఆ ప్రయాణమే నన్ను భయపెట్టేది. నిద్ర చాలని మనిషి చేతిలో స్టీరింగు ఉండకూడదు.

కాబట్టి ఈ పని మొదలుపెట్టే ముందు ఒక్క మాట ఒప్పుకోండి. ముందు పడకను కొలవండి, ఆ తర్వాతే సరుకును. మనం ఎప్పుడూ దీన్ని తిరగేసి చేస్తాము. సరుకంతా సర్దాక మిగిలిన సందులో పడుకుంటాము. నేను కట్టించిన మొదటి పడక అలాంటిదే. కింద సరుకు ఎక్కువ పట్టాలని రెండున్నర అడుగుల ఎత్తున కట్టించాను. పైన కూర్చుంటే తల టార్పాలిన్‌ను మోసే కమానుకు తగిలేది. ఇంకా పెద్ద తప్పు మరొకటి ఉంది. గాజు చాలా బరువైన సరుకు, ఆ బరువు పైకి చేరడంతో ఘాట్ రోడ్డు మలుపుల్లో బండి ఒక పక్కకు ఒరిగిపోతున్నట్టు ఉండేది. ఒక సంవత్సరం ఓర్చుకుని దాన్ని విప్పేశాను. ఇక్కడ చెప్పేది రెండోసారి కట్టింది. ఇప్పటికీ అందులోనే పడుకుంటున్నాము.

ఏ బండికి ఈ కొలతలు

నేను చెప్పేది బొలెరో పికప్ లాంటి బండి గురించి. వెనుక బాడీ పొడవు సుమారు తొమ్మిది అడుగులు (2,765 మిల్లీమీటర్లు), వెడల్పు అయిదున్నర అడుగులకు కాస్త ఎక్కువ (1,700 మిల్లీమీటర్లు). ఇలాంటి బండిలో నేల చదునుగా ఉంటుంది, చక్రాల గూళ్లు లోపలికి పొడుచుకు రావు. ఇది మనకు పెద్ద వరం. అయినా నా అంకెలను నమ్మి పైపు కోయించకండి. ఒకే పేరు మీద అమ్మే బండ్లలోనే రెండు మూడు కొలతల బాడీలు ఉంటాయి, కొందరు బయట కట్టించిన బాడీ వేయించుకుంటారు. టేపు పట్టుకుని లోపలి వెడల్పును కింద, మధ్యలో, పైన మూడుచోట్ల కొలవండి. పక్క రేకులు ఎక్కడైనా లోపలికి వంగి ఉంటే తక్కువ వచ్చిన కొలతే మీ కొలత. చిన్న టాటా ఏస్ అయితే పడక ఒక్కరికే సరిపోతుంది. పద్ధతి మాత్రం ఇదే.

చట్టం సంగతి ముందే చెప్పుకోవాలి. ఆర్‌సీలో నమోదైన వివరాలు మారిపోయేలా బండిని మార్చడాన్ని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఒప్పుకోదు. అందుకే ఇక్కడ ఏదీ బండికి వెల్డింగ్ చేయము, బాడీ కొలతలు మార్చము, రేకుకు రంధ్రం పెట్టము. అంతా నట్లూ బోల్టులతో బిగించే చట్రం. ఒక పూటలో విప్పి కిందకు దించవచ్చు. దీనికి వ్యాపారపరంగా కూడా లాభం ఉంది. జాతరలు లేని నెలల్లో ఈ బండే ఇటుకకో, ధాన్యానికో కిరాయికి తిరగాలి కదా.

ఇంకొకటి. ఈ పడక ఆగి ఉన్న బండిలో నిద్రకే. బండి కదులుతున్నప్పుడు పిల్లలైనా, ముసలివాళ్లయినా వెనుక పడుకోకూడదు, కూర్చోకూడదు. ఎంత గట్టిగా కట్టినా సరుకు సరుకే. ఒక్క బ్రేకుకు అది మనుషుల మీదకు వస్తుంది.

ముగ్గుపిండితో మొదలు

ఇంటి ముందు బండి బాడీ కొలతతో నేల మీద ముగ్గుపిండితో గీత గీయండి. అందులో మీరు పడుకునే బొంత పరిచి, బండిలో పడుకునే ఇద్దరూ నిజంగా పడుకోండి. పక్కకు తిరగండి, కాళ్లు ముడుచుకోండి. తల నుంచి పాదం దాకా కొలిచి, దానికి జానెడు కలపండి. మాకు ఆరు అడుగులు చాలింది. తర్వాత గోడకు ఆనకుండా నిటారుగా కూర్చుని, నేల నుంచి నడినెత్తి దాకా కొలవండి. చాలామందికి ఇది మూడు అడుగుల లోపే వస్తుంది. టార్పాలిన్ కమాను ఎత్తులోంచి ఈ కొలతనూ, పరుపు మందాన్నీ, ఇంకో నాలుగు అంగుళాలనూ తీసేయండి. మిగిలినదే మీ పడక ఎత్తుకు గరిష్ఠం. దానికి మించి ఒక్క అంగుళం కూడా సరుకుకు ఇవ్వకండి.

ఇప్పుడు సరుకు. మొత్తం బయటకు తీసి కాటా మీద పెట్టండి. ఏ పెట్టె ఎన్ని కిలోలో కాగితం మీద రాయండి. చాలామంది దాటేసే పని ఇదే, నేనూ మొదటిసారి దాటేశాను. తూకం వేస్తే సరుకు మూడు రకాలుగా విడిపోతుంది: బరువైనది, చిన్నచిన్నగా ఉండి రోజూ చేతికి అందాల్సినది, తేలికే అయినా చోటు తినేది. మా విషయంలో గాజులు మొదటిది, పూసలూ పిన్నులూ రెండోది, ప్లాస్టిక్ బొమ్మలు మూడోది. స్టీలు సామాను అమ్మేవారికైనా, బట్టలు అమ్మేవారికైనా ఈ మూడూ ఉంటాయి.

బరువైన సరుకుకు చోటు ఒక్కటే: క్యాబిన్‌కు ఆనుకుని, నేల మీద. వెనుక ఇరుసుకూ క్యాబిన్‌కూ మధ్య బరువు ఉంటే ముందు చక్రాలు రోడ్డును పట్టి ఉంటాయి. అదే బరువు వెనుక తలుపు దగ్గర పెడితే బండి ముందుభాగం తేలి, స్టీరింగు తేలికైపోతుంది. అందుకే క్యాబిన్ వైపు మూడు అడుగులు పూర్తి ఎత్తు సరుకు గదిగా వదిలేసి, వెనుక ఆరు అడుగుల మేర పడక కట్టాము.

క్రేటే కొలబద్ద

పడక కింద సొరుగులు చేయిద్దామని చాలామంది వడ్రంగి దగ్గరకు వెళతారు. వద్దని నా సలహా. గుంతల రోడ్డు మీద సొరుగుల పట్టాలు ఆరు నెలలు కూడా నిలవవు, దుమ్ము పడితే ఇరుక్కుపోతాయి. టమాటా మార్కెట్లో కనిపించే ప్లాస్టిక్ క్రేటు ఉంది చూశారా, దానికి మించిన సొరుగు లేదు. ఎక్కువగా దొరికే రకం పొడవు 540, వెడల్పు 360, ఎత్తు 290 మిల్లీమీటర్లు. పగిలితే ఏ ఊళ్లోనైనా ఇంకొకటి కొనుక్కోవచ్చు. దుకాణం పెట్టేటప్పుడు అవే క్రేట్లను బోర్లించి పైన పలక వేస్తే బల్ల అవుతుంది, మా అంగడి సగం వాటి మీదే నిలుస్తుంది. నీళ్లు పడితే కింది నుంచి కారిపోతాయి.

కాబట్టి ముందు క్రేట్లు కొని తెచ్చుకోండి, తర్వాత వాటి చుట్టూ చట్రం గీయండి. 1,700 వెడల్పులో నాలుగు వరుసలు పడతాయి. ఒక్కో వరుసకు 378 మిల్లీమీటర్ల సందు వదిలితే క్రేటుకు అటూ ఇటూ కలిపి 18 మిల్లీమీటర్ల వెసులుబాటు ఉంటుంది. అంతకన్నా తక్కువ వదిలితే, ఎండకు కాస్త ఉబ్బిన క్రేటు మధ్యలో పట్టేస్తుంది. ఒక్కో వరుసలో మూడు క్రేట్లు, మొత్తం పన్నెండు. ఆరు అడుగుల్లో మూడు క్రేట్లు పోగా వెనుక తలుపు వైపు జానెడు చోటు మిగులుతుంది. చెప్పులకు, తాళ్లకు, జాకీకి ఆ జానెడు చోటే ఆధారం.

చట్రం: పక్కకు పడుకున్న అయిదు నిచ్చెనలు

వెల్డింగ్ షాపులో మాట తేడా రాకుండా ఉండాలంటే నిచ్చెన అని చెప్పండి. ఒక నిచ్చెనను నేల మీద పక్కకు నిలబెట్టినట్టు ఊహించుకోండి. పైన ఒక పైపు, కింద ఒక పైపు, మధ్యలో మూడు గుంజలు, గుంజల మధ్య ఏటవాలుగా ఒక్కో పైపు. పొడవు 1,830 మిల్లీమీటర్లు, అంటే ఆరు అడుగులు. ఎత్తు 345. ఇలాంటివి అయిదు. బండి పొడవునా సమాన దూరంలో నిలబెడితే వాటి మధ్య నాలుగు సందులు వస్తాయి, క్రేట్లు వాటిలో జారతాయి. నిచ్చెనల పై వరస పైపుల మీద ప్లైవుడ్ కూర్చుంటుంది.

పైపు అంగుళం చదరానిది, రేకు మందం 16 గేజీది చాలు. ఒకటిన్నర అంగుళాలది వేయమని షాపులో ఒత్తిడి చేస్తారు. అది అక్కర్లేదు. నిచ్చెనల మధ్య దూరం నలభై సెంటీమీటర్లే కాబట్టి బరువు అయిదింటి మీదా పంచుకుంటుంది. అంగుళం పైపు మీటరుకు సుమారు 1.2 కిలోలు తూగితే ఒకటిన్నర అంగుళాలది రెండు కిలోలకు దగ్గరగా తూగుతుంది. చట్రం బరువు పెరిగితే సరుకులో అంత తగ్గించుకోవాలి. ఆర్‌సీలో ఖాళీ బండి బరువు, మొత్తం అనుమతించిన బరువు రెండూ రాసి ఉంటాయి. వాటి తేడాలోనే చట్రం, సరుకు, పరుపు అన్నీ ఇమడాలి. పరిమితి దాటితే మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత జరిమానా 20,000 రూపాయలు, ఆపై అదనపు ప్రతి టన్నుకూ 2,000. ఇరవై అడుగుల పైపులు ఏడు తీసుకుంటే పని పూర్తవుతుంది. మా చట్రం, ప్లైవుడ్ కలిపి ఎనభై కిలోల లోపే తూగింది.

వెల్డింగ్ మొత్తం బండికి దూరంగా, నేల మీదే చేయించండి. ఏ కారణం చేతనైనా బండి మీదే చేయాల్సి వస్తే ముందు బ్యాటరీ నెగటివ్ వైరు ఊడదీయమనండి, లేకపోతే బండిలోని ఎలక్ట్రానిక్ పరికరాలు కాలిపోయే ప్రమాదం ఉంది. మొదటి నిచ్చెన పూర్తవగానే ఆపమని చెప్పి, దాన్ని బండిలో పెట్టి, పక్కన క్రేటు జరిపి చూడండి. తప్పు ఉంటే ఒక్క నిచ్చెనతో పోతుంది. పైపు చివరలు మూయించండి, మూయకపోతే వాన నీరు లోపల చేరి పైపు లోపలి నుంచే తుప్పు పడుతుంది. వెల్డింగ్ అతుకులను వైరు బ్రష్షుతో రుద్ది, రెడ్ ఆక్సైడ్ ఒక పూత, అది ఆరాక ఎనామిల్ రెండు పూతలు వేయండి. ఈ రంగు పని తొందరలో వదిలేసేవాళ్లు ఎక్కువ. సముద్రం వైపు తిరిగే బండికి అది రెండేళ్ల ఆయుష్షు తగ్గించడమే.

చట్రం ఊగకుండా చేసేవి మూడు. ఒకటి, క్యాబిన్ వైపు అయిదు నిచ్చెనల చివరలకూ కలిపి అడ్డంగా ఒక ప్లైవుడ్ పలకను బోల్టులతో బిగించడం. ఇది సరుకు గదికీ క్రేట్లకూ మధ్య గోడ అవుతుంది, నిచ్చెనలు పక్కకు వాలకుండా పట్టి ఉంచేదీ ఇదే. రెండు, వెనుక తలుపు వైపు నిచ్చెనల పైచివరలను కలుపుతూ ఒక ఇనుప పట్టీ. అది పైపు మందానికి మించకుండా చూసుకోండి, కిందకు వేలాడితే క్రేట్లకు అడ్డం పడుతుంది. మూడు, పైన వేసే పలకలు. ఈ మూడూ బిగిశాక చట్రం మీద ఎక్కి గెంతినా కదలకూడదు.

బోల్టులు 8 మిల్లీమీటర్లవి, నట్లు లోపల నైలాన్ వలయం ఉన్న రకం తీసుకోండి. మామూలు నట్టు బండి అదురుకు నెల రోజుల్లో వదులవుతుంది.

బండికి ఆనించడం

రేకుకు రంధ్రం పెట్టవద్దన్నానంటే కారణం చట్టం ఒక్కటే కాదు. నేల కిందే డీజిల్ ట్యాంకు, బ్రేకు గొట్టాలు, వైర్లు పోతుంటాయి. డ్రిల్లింగ్ మొన ఎక్కడ తేలుతుందో పైనుంచి కనిపించదు.

చట్రం వెడల్పు 1,637 వస్తుంది కాబట్టి రెండు పక్కలా మూడేసి సెంటీమీటర్ల సందు మిగులుతుంది. అక్కడ పాత టైరు ట్యూబు ముక్క చుట్టిన కర్ర చీలికలు దిగ్గొట్టండి. చట్రం ముందుకు జారకుండా, సరుకు గదిలో రెండు పక్కలా నేల మీద చట్రానికీ క్యాబిన్ వైపు గోడకూ మధ్య సరిగ్గా పట్టే రెండు కర్ర దుంగలు పడుకోబెట్టండి. గట్టి బ్రేకు వేసినప్పుడు పన్నెండు క్రేట్లూ కలిసి ముందుకు తోస్తాయి, ఆ తోపును ఓర్చుకునేవి ఈ దుంగలే. ఆ తర్వాత నాలుగు మూలలా చట్రాన్ని బాడీకి ఉన్న కొక్కేలకు బిగింపు బెల్టులతో కట్టండి. తాడుతో కట్టవచ్చు గానీ నైలాన్ తాడు సాగుతుంది. బెల్టు అయితే రోజూ ఒక్క గుంజుతో బిగించుకోవచ్చు.

నిచ్చెనల కింది పైపులకూ నేలకూ మధ్య కూడా ట్యూబు పట్టీ వేయండి. ఇది లేకుండా నడిపితే రాత్రి నిద్ర సంగతి దేవుడెరుగు, పగలు క్యాబిన్‌లోనే చెవులు చిల్లులు పడతాయి.

పలకలు, గాలి రంధ్రాలు

ప్లైవుడ్ షీటు ఎనిమిది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు. అడ్డంగా 1,637 పొడవు, 610 వెడల్పు ఉన్న మూడు పలకలు కోస్తే పడక సరిగ్గా ఆరు అడుగులు వస్తుంది. ఒక షీటులో రెండు, రెండో షీటులో ఒకటి. మిగిలిన ముక్కల్లోంచే సరుకు గది వైపు గోడ వస్తుంది. మందం 12 మిల్లీమీటర్లు చాలు. రకం మాత్రం రాజీ పడకండి. నీటికి తట్టుకునే ఐఎస్ 710 ముద్ర ఉన్నది తీసుకోండి, ధర ఎక్కువే. తక్కువలో కావాలంటే ఐఎస్ 303లో బీడబ్ల్యూఆర్ (మరిగే నీటికి తట్టుకునే) రకం. గదుల్లో వాడే మామూలు ప్లైవుడ్ ఒక్క వానాకాలంలో పొరలు పొరలుగా విడిపోతుంది.

పలకలు మూడుగా ఉండాలన్నది ఊరికే చెప్పలేదు. మధ్య క్రేటు కావాలంటే ఒక్క పలక ఎత్తితే చాలు, పరుపంతా తీయక్కర్లేదు. అందుకని రెండు చివరి పలకలను బోల్టులతో బిగించి, మధ్య పలకను మాత్రం ఎత్తగలిగేలా ఉంచి, దానికి వేలు పట్టే రెండు రంధ్రాలు పెట్టండి. అది జారకుండా అడుగున రెండు బద్దెలు కొట్టండి, అవి నిచ్చెన పైపులకు ఇరువైపులా కూర్చుంటాయి.

గాలి రంధ్రాల గురించి కాస్త నిలబడి చెప్పాలి. చలికాలం రాత్రి ఇద్దరు మనుషుల ఊపిరి, ఒంటి వేడి కలిసి పరుపులోకి దిగుతాయి. కింద చల్లటి చెక్క తగిలి అది చెమ్మగా మారుతుంది. వారం తర్వాత పరుపు ఎత్తి చూస్తే అడుగున నల్లటి బూజు. మొదటి పడకలో మాకు అలాగే ఒక పరుపు పోయింది. పలకలన్నిటికీ ఆరు అంగుళాలకొకటి చొప్పున అంగుళం వెడల్పు రంధ్రాలు వేయించండి. పైపు ఉన్న చోట తప్పించి, సందుల మీదే పడేలా ముందు పెన్సిలుతో గుర్తు పెట్టండి. రంధ్రాల అంచులకూ, పలకల అంచులకూ రంగు పట్టించడం మరవకండి, ప్లైవుడ్ నీరు తాగేది అంచుల నుంచే.

మా పెద్దవాళ్లు ఒక సంగతి గుర్తుచేశారు: ప్లైవుడ్ ఎందుకు, నవారు మంచంలా అల్లేయవచ్చు కదా అని. ఎండాకాలానికి దానంత సుఖమైనది లేదు, రెంటచింతల లాంటి చోట మే నెల రాత్రి చెక్క మీద పడుకోలేము. కానీ నవారు మనిషి బరువుకు నాలుగు అంగుళాలు దిగుతుంది, కింద క్రేటు తగులుతుంది. అందుకు చట్రం ఎత్తు పెంచాలి, మళ్లీ బరువు పైకి చేరుతుంది. పగలు దాని మీద సరుకు కూడా పెట్టలేము. మీరు ఎండాకాలమే తిరుగుతారు, సరుకు తక్కువ అనుకుంటే నవారే వేయండి. మేము అన్ని కాలాలూ తిరుగుతాము కాబట్టి చెక్కకే వచ్చాము.

ఆరు అడుగులు చాలని పొడగరి ఉంటే సరుకు గది వైపు చివరన కీళ్లతో ఒక అడుగు పలక అతికించండి. రాత్రి దాన్ని తెరిచి గదిలోని పెట్టెల మీద ఆనిస్తే సరి.

క్రేట్లను రైలు చేయడం

లోపల మూడో క్రేటు ఎలా బయటకు వస్తుందని అందరూ అడుగుతారు. ఒక వరుసలోని మూడు క్రేట్లనూ పిడుల దగ్గర చిన్న కొక్కేలతో ఒకదానికొకటి తగిలించండి. ముందుది లాగితే రైలు పెట్టెల్లా మూడూ వస్తాయి. కావలసింది తీసుకుని మళ్లీ నెట్టేయండి. నేల రేకు గరుకుగా ఉంటే ప్రతి సందులోనూ పలుచటి ప్లాస్టిక్ రేకు పరవండి.

ఏ క్రేటులో ఏది అన్నది ఒకసారి తేల్చుకుని మార్చకండి. తలుపు దగ్గరి నాలుగు క్రేట్లు రోజూ వాడేవి: పొయ్యి, గిన్నెలు, లైటు, మందుల డబ్బా, ఒక జత బట్టలు. మధ్యవి రోజూ అమ్మే సరుకు. లోపలివి మళ్లీ నింపుకునే నిల్వ. గాజు వస్తువులైతే క్రేటు అడుగున గోనెసంచి మడిచి వేసి, పెట్టెలను నిలువుగా కాక పడుకోబెట్టి, మిగిలిన సందుల్లో కాగితం కుక్కండి. కదిలే గాజే పగులుతుంది, గట్టిగా పట్టి ఉన్నది పగలదు. ప్రతి క్రేటు ముందు భాగాన లోపల ఏముందో రాసిన అట్ట కట్టండి. చీకట్లో ఫోను లైటు వేసుకుని వెతికే బాధ తప్పుతుంది.

వరుసల చివర అడ్డుకర్ర తప్పనిసరి. తలుపు వైపు ఒక బద్దెను నాలుగు వరుసలకూ అడ్డంగా, రెండు చివరలా కొక్కేల్లో కూర్చునేలా పెట్టండి. ఎత్తు ఎక్కుతున్నప్పుడు బరువంతా వెనుక తలుపు మీద పడకుండా ఇది ఆపుతుంది.

ప్రయాణంలో పడక మీద తేలిక మూటలు పెట్టుకోవచ్చు, వల వేసి కట్టండి. అయితే చీకటి పడేసరికి అవి క్యాబిన్ వైపు సరుకు గదిలోకి లేదా అంగట్లోకి వెళ్లాలి. వాటికి చోటు లేకపోతే సరుకు ఎక్కువ తెచ్చారన్నమాట. ఈ ఒక్క నియమం మా ఇంటావిడ పెట్టింది, దానివల్లే మా పడక పడకగా మిగిలింది. సరుకు బాడీ బయటకు పొడుచుకు వచ్చేలా కట్టడం ఎలాగూ వద్దు, దానికీ 20,000 రూపాయల జరిమానా ఉంది.

పైకప్పు, గాలి, నిప్పు

టార్పాలిన్‌లో ప్లాస్టిక్‌ది తేలిక, చవక, వాన కారదు. కానీ చలిరాత్రి లోపల నీటి బొట్లు కట్టి ముఖం మీద పడతాయి. కాన్వాసు బరువు, ధర ఎక్కువ, అయితే ఊపిరి తీసుకుంటుంది. ఏది వేసినా రెండు వైపులా గాలి దారి వదలండి: క్యాబిన్ వైపు కమాను కింద బెత్తెడు, వెనుక తలుపు పైన మూరెడు. ఒక్కవైపే వదిలితే గాలి లోపలికి వచ్చి నిలిచిపోతుంది. తల వెనుక తలుపు వైపు పెట్టుకుంటే గాలి ముఖానికి తగులుతుంది, అలికిడి అయితే ముందే తెలుస్తుంది, దిగడం సులువు.

దోమతెరను కమానులకు నాలుగు కొక్కేలతో వేలాడదీసి, అంచులు పరుపు కిందకు దోపండి. దోమల చుట్ట మాత్రం లోపల వెలిగించకండి. బొగ్గుల కుంపటి అసలే వద్దు. ఎంత చలి వేసినా వద్దు. మూసిన చోట కుంపటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే మనిషి పోతాడు. వేడి కోసమో చల్లదనం కోసమో ఇంజను ఆన్ చేసి పడుకోవడమూ అంతే ప్రమాదం. చలికి ఇంకో దుప్పటి, పరుపు కింద ఒక గోనెపట్టా. వంట బండి దిగి, బయట. చిన్న గ్యాస్ సిలిండరు ఉంటే రాత్రి దాన్ని పడక కింద పెట్టకండి. గ్యాస్ గాలి కన్నా బరువైనది, కారితే కిందే పేరుకుంటుంది.

దీపానికి అయిదు వాట్ల ఎల్ఈడీ ఒకటి చాలు. బండి బ్యాటరీ నుంచి వైరు లాగితే బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టించండి. వైరు ఇనుప అంచు దాటే ప్రతిచోటా రబ్బరు గొట్టం తొడగండి, అదురుకు వైరు ఒరుసుకుని నిప్పు పుట్టేది అక్కడే. రాత్రంతా ఫ్యాను కావాలనుకుంటే దానికి వేరే బ్యాటరీ పెట్టుకోవడం మంచిది. తెల్లవారి బండి స్టార్టు కాక, జాతర రద్దీలో తోసేవాళ్ల కోసం వెతకడం ఎవరికీ రాకూడదు.

మొదటి రాత్రి ఇంటి ముందే

అంతా బిగించాక సరుకు నింపి, ఊరి చుట్టూ గుంతల రోడ్డు చూసుకుని పది కిలోమీటర్లు నడపండి. తిరిగొచ్చి ప్రతి నట్టునూ స్పానరుతో తాకండి. బిగించిన నట్టు మీదా పక్క ఇనుము మీదా కలిసేలా రంగుతో ఒక గీత గీయండి. తర్వాత ఎప్పుడైనా ఆ గీత విరిగి కనిపిస్తే నట్టు తిరిగిందని చూడగానే తెలుస్తుంది. మొదటి నెల వారానికోసారి, తర్వాత ప్రతి జాతరకు ముందూ ఇలా చూడండి.

మొదటి రాత్రి ఇంటి ముందే బండిలో పడుకోండి. ఎక్కడ మోకాలు కొట్టుకుంటుందో, నీళ్ల సీసాకు చేయి అందుతుందో లేదో, రాత్రి లేచి దిగేటప్పుడు కాలు ఎక్కడ పెట్టాలో ఆ ఒక్క రాత్రి చెబుతుంది. మాకు ఆ రాత్రే తెలిసింది, దిగడానికి ఒక క్రేటును బోర్లించి తలుపు కింద పెట్టుకోవాలని, డబ్బు పెట్టుకునే డబ్బా తల దగ్గర కాదు, సరుకు గది వైపు కాళ్ల దగ్గర ఉండాలని.

బయటకు వెళ్లాక బండి నిలిపే చోటు కూడా పడకలో భాగమే. హైవే అంచున వద్దు, వెనుక నుంచి వచ్చే లారీకి చీకట్లో మీ బండి కనిపించకపోవచ్చు. పెట్రోలు బంకు వాళ్లనో, గుడి వాళ్లనో అడిగి వెలుతురు ఉన్న చోట ఆపండి. నేల ఏ వైపు ఎత్తుగా ఉందో చూసి తల ఆ వైపు వచ్చేలా నిలపండి, గేరులో పెట్టి, చేతి బ్రేకు లాగి, చక్రాల కింద రాళ్లు వేయండి. ఒక గిన్నెలో నీళ్లు పోసి పలక మీద పెడితే వాలు ఎటున్నదో చెబుతుంది.

జాతర ముగిసి ఇల్లు చేరాక పలకలు మూడూ ఊడదీసి, బాడీ కడిగి, పరుపుతో పాటు రెండు రోజులు ఎండలో పెట్టండి. నిచ్చెనల కింది పైపుల దగ్గర మట్టి పేరుకుంటుంది, అక్కడ తుప్పు మొదలైతే గీరి రంగు వేయండి.